కదిలించే చేయి ఎవరిది? స్టాప్ మోషన్ రాక్షస చిత్రాలు - తెలుగు జానపద చిత్రాల మాయ

పరిశోధన సంగ్రహం:
ఇరవయ్యో శతాబ్దంలో విదేశాల్లో వచ్చిన ప్రసిద్ధ రాక్షస చిత్రాలు, అద్భుత గాథా చిత్రాలు అనేకం స్టాప్ మోషన్ ప్రక్రియపై ఆధారపడ్డాయి. అదే కాలపు తెలుగు జానపద, పౌరాణిక చిత్రాలు కెమెరా మాయలను విరివిగా వాడుకున్నా రాక్షసుణ్ణి బొమ్మగా చేయలేదు. ఆ పాత్రను నటుడికే అప్పగించాయి. ఇది సాంకేతికమైన వెనుకబాటు అన్న అభిప్రాయం సరికాదనీ, రాక్షసుడి గురించి తెలుగు కథన సంప్రదాయానికి ఉన్న భావనే ఇందుకు ముఖ్య కారణమనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. ఆ భావన వల్ల కలిగిన నష్టాన్ని కూడా చర్చిస్తుంది. 'మాయాబజార్' చిత్రం, అందులో కోనసీమ బిడ్డ రేలంగి వెంకట్రామయ్య పోషించిన లక్ష్మణ కుమారుడి పాత్ర ఈ చర్చకు కేంద్రం.

కీలకపదాలు: స్టాప్ మోషన్, జానపద చిత్రం, మాయాబజార్, రేలంగి, రాక్షస పాత్ర, అద్భుత రసం.

1. ప్రవేశిక

తెలుగు జానపద చిత్రాల గురించి రాసేవారు తరచు ఒక పోలికతో మొదలుపెడతారు. అమెరికాలో 1933లోనే 'కింగ్ కాంగ్' వచ్చింది. మన దగ్గర ఆ తరువాత పాతికేళ్లకు కూడా రాక్షసుడంటే కోరలు, కిరీటం పెట్టుకున్న మనిషే. ఈ పోలికలో ఒకింత సానుభూతి, ఒకింత చిన్నచూపు కలిసి ఉంటాయి. పరిమిత వనరులతో మనవాళ్లు చేయగలిగినంత చేశారన్న మెచ్చుకోలు కూడా చివరకు ఆ చిన్నచూపుకు మరో రూపమే. రెండు సంప్రదాయాలూ ఒకే పని చేయబోయాయనీ, ఒకటి గెలిచి మరొకటి వెనకబడిందనీ ఈ పోలిక ముందే నిర్ణయించుకుంటుంది. అవి అసలు ఒకే పని చేయబోయాయా అన్నది ముందు తేల్చవలసిన ప్రశ్న.

అందుకు ప్రక్రియ స్వరూపాన్ని తెలుసుకోవాలి. తెలుగులో 'ట్రిక్ ఫొటోగ్రఫీ' అనే ఒక్క మాట కింద ఎన్నో భిన్నమైన పనులు కలిసిపోయాయి. కెమెరా ఆపి మనిషిని తప్పించి మళ్లీ నడిపితే మనిషి మాయమవుతాడు. ఇది ఫ్రాన్సులో జార్జ్ మెలియస్ కాలం నుంచి ఉన్న పద్ధతి. ఒకే ఫిల్మును మళ్లీ మళ్లీ ఎక్స్‌పోజ్ చేస్తే ఒక నటుడు పలువురుగా కనిపిస్తాడు. 'జగదేకవీరుని కథ' (1961)లో ఎన్.టి.రామారావు అయిదు రూపాలతో గానసభ నడిపిన సన్నివేశం దీనికి తెలిసిన ఉదాహరణ. చిన్న నమూనాలను దగ్గరగా చిత్రిస్తే నగరాలు లేస్తాయి. స్టాప్ మోషన్ వీటన్నిటికీ భిన్నమైనది.

2. కనిపించకూడని చేయి

లోహపు కీళ్ల అస్థిపంజరం మీద రబ్బరు కండరాలు, పైన చర్మమో బొచ్చో తొడిగిన బొమ్మను బల్లపై నిలుపుతారు. వెంట్రుకవాసి కదిలించి ఒక ఫ్రేము తీస్తారు. మళ్లీ కదిలించి మరొకటి. తెరపై ఒక సెకనుకు ఇరవై నాలుగు ఫ్రేములు. ఒక నిమిషానికి 1440. కదిలించిన మనిషి ప్రతిసారీ తప్పుకుంటాడు. అతడి చేయి ఒక్క ఫ్రేములో కూడా కనిపించకూడదు. ఆ చేయి లేకపోవడమే బొమ్మకు ప్రాణం.

విల్లిస్ ఓబ్రియన్ 'ది లాస్ట్ వరల్డ్' (1925)లో రాక్షసిబల్లులను, 'కింగ్ కాంగ్'లో మహావానరాన్ని ఇలా నడిపించాడు. తెరపై ఆకాశమంత కనిపించే కాంగ్, బల్ల మీద మార్సెల్ డెల్గాడో చేసిన పద్దెనిమిది అంగుళాల బొమ్మ. ఆ చిత్రంలో ఒక పొరపాటు ఉంది. విమర్శకుడికి ఒప్పుల కంటే అదే విలువైనది. కాంగ్ ఒంటిమీది బొచ్చు ఊరికే నిలవదు. అటూ ఇటూ రేగుతూ ఉంటుంది. ఫ్రేముకూ ఫ్రేముకూ మధ్య కదిలించిన వేళ్ల ఒత్తిడి బొచ్చు మీద మిగిలిపోయింది. దాచిన చేయి అలా బయటపడింది. చూసినవారికి మాత్రం అది మృగం కోపంతో రోమాలు నిక్కబొడుచుకున్నట్టే అనిపించింది.

పదమూడో ఏట కాంగ్‌ను చూసి జీవితాన్నే మార్చుకున్న రే హ్యారీహౌసెన్ ఈ విద్యను మరింత నిశితం చేశాడు. ముందే తీసిన నటుల దృశ్యాన్ని బొమ్మ వెనుక తెరపై ఒక్కొక్క ఫ్రేముగా ప్రసారం చేస్తూ, ముందుభాగాన్ని కప్పి మళ్లీ చిత్రించి, బొమ్మ నటుల నడుమనే ఉన్నట్టు చూపాడు. 'జేసన్ అండ్ ది ఆర్గోనాట్స్' (1963)లో ఏడు అస్థిపంజరాలు ముగ్గురు వీరులతో కత్తియుద్ధం చేసే సన్నివేశం తెరపై కొద్ది నిమిషాలదే. దానికి నాలుగున్నర నెలలు పట్టింది. అతడు ఎక్కువగా ఒంటరిగానే పనిచేసేవాడు.

ఇన్ని నెలల ఏకాంతం నుంచి పుట్టిన జీవికి ఒక లక్షణం తప్పదు. దానికి మాట ఉండదు. చుట్టం పక్కం ఉండదు. ఎక్కడినుంచో వస్తుంది, ఎవరికీ అర్థం కాదు, చివరికి చంపబడుతుంది. రౌద్రం నుంచి కరుణ పుడుతుందని నాట్యశాస్త్రం రసాల పుట్టుకను చెప్పింది. కాంగ్ మేడపై నుంచి పడిపోయినప్పుడు ప్రేక్షకుడికి కలిగేది అక్షరాలా ఇదే. హ్యారీహౌసెన్ మృగాలన్నిటి చావులోనూ ఈ కరుణ ఉంది. ఎవరికీ ఏమీ కానిదాని చావుకు ఏడవడంలో ఉన్న బరువు అది.

3. 1957: పెరిగే శరీరాలు రెండు

'మాయాబజార్' 1957 మార్చి 27న విడుదలైంది. అదే సంవత్సరం హ్యారీహౌసెన్ పనిచేసిన 'ట్వంటీ మిలియన్ మైల్స్ టు ఎర్త్' వచ్చింది. ఈ రెంటికీ ఏ సంబంధమూ లేదు. కాని రెండింటిలోనూ పెరిగే శరీరం ఒకటుంది, ఆకలి ఒకటుంది. కనుక పక్కపక్కన పెట్టి చూడటం వ్యర్థం కాదు.

శుక్రగ్రహం నుంచి తెచ్చిన యీమిర్ అనే జీవి ఇటలీలో బయటపడుతుంది. మొదట జానెడు. భూమి గాలి తగిలి రోజురోజుకూ పెరుగుతుంది. గంధకం తప్ప మరేమీ తినదు, తనంతట తాను ఎవరి జోలికీ పోదు. కుక్క కరవబోతే, రైతు పంగలకర్రతో పొడిస్తే తిరగబడుతుంది. రోమ్‌లో ఏనుగుతో పోరాడి, పురాతన క్రీడాంగణం మీద నుంచి కూలిపోతుంది. ఆ పెరుగుదల దాని తప్పు కాదు, దాని ఇష్టమూ కాదు. శరీరం పెరగడమే దానికి శాపం.

ఘటోత్కచుడు పెరగడం వేరు. విడిదిలో పెళ్లివారికోసం పేర్చిన వంటకాలను చూసి నోరూరి, కావాలనే పెరుగుతాడు. పళ్లాలు ఖాళీ అవుతాయి, మళ్లీ నిండుతాయి. లడ్డూలు వాటంతటవే లేచి నోట్లోకి నడుస్తాయి. ఇక్కడ ఏది కదులుతోందో గమనించాలి. రాక్షసుడు నటుడే, ఎస్.వి.రంగారావు ముఖం, మాధవపెద్ది సత్యం గొంతు. మాయవల్ల కదిలేది తిండి. విదేశీ చిత్రంలో మృగానికి కెమెరా మాయ ప్రాణం పోస్తే, ఇక్కడ మాయ అంతా ప్రాణం లేని వస్తువుల వైపు మళ్లింది. తనంతట చుట్టుకునే గింబళి, కూర్చున్నవాణ్ణి తిప్పి పడేసే గిల్పం, తలచినవారిని చూపే ప్రియదర్శిని, అన్నీ వస్తువులే. ఈ వస్తువుల కదలికకు ప్రతిసారీ ఒక కర్త ఉన్నాడు. అతడు ముందు చేయి చాపుతాడు, తరువాతే వస్తువు కదులుతుంది. స్టాప్ మోషన్ దాచిన చేతిని 'మాయాబజార్' దృశ్యం మధ్యలో నిలబెట్టి చూపించింది.

దీన్ని చేతకానితనం అనడానికి వీల్లేదు. నమూనాల పనిలో విజయా సంస్థ ఓపికకు ద్వారకా నగరమే సాక్షి. కళాదర్శకులు మాధవపెద్ది గోఖలే, కళాధర్ యాభై అడుగుల పొడవు, అరవై అడుగుల వెడల్పు స్థలంలో దాదాపు మూడు వందల చిన్న ఇళ్లు కట్టించి, వాటిలో విద్యుద్దీపాలు వెలిగించారు. కెమెరా మార్కస్ బార్ట్లీది. నగరం మొత్తాన్ని బొమ్మగా చేయగలిగినవారు రాక్షసుణ్ణి బొమ్మగా చేయాలని అనుకోలేదు.

అనుకోకపోవడానికి కారణం కథలోనే ఉంది. శశిరేఖా పరిణయ కథ వ్యాసభారతంలో లేదు. జనం కల్పించుకుని, నాటకసమాజాలు పెంచి పోషించినది. ఆ కథలో ఘటోత్కచుడు మొదట భయం పుట్టించేవాడే. అడవిలో సుభద్రను, అభిమన్యుణ్ణి అడ్డగిస్తాడు, యుద్ధానికి దిగుతాడు. పేర్లు తెలిసిన మరుక్షణం ఆమె పినతల్లి, అతడు తమ్ముడు. భయం బంధుత్వంలో కరిగిపోతుంది. ఆ తరువాత సినిమా అంతా పెళ్లింటి పెత్తనమే. కొడుకు వరస అయినవాణ్ణి పద్దెనిమిది అంగుళాల బొమ్మగా ఊహించడం కుదరదు. అతడు పద్యం చదవాలి, దండం పెట్టాలి, అలగాలి. వీరం నుంచి అద్భుతం పుడుతుందన్నది కూడా నాట్యశాస్త్రం మాటే. ఇక్కడి అద్భుతం పక్కన ఎప్పుడూ హాస్యం ఉంటుంది. కరుణకు తావు లేదు, ఎందుకంటే రాక్షసుడు చావడు.

కదిలించే చేతిని దాచకపోవడం తెలుగువారికి కొత్త కాదు. 1885లో మొదలైన సురభి నాటక ప్రదర్శనల్లో తీగలు కనిపించినా ఆకాశగమనం ఆకాశగమనమే. కోనసీమలో కనుమనాడు జగ్గన్నతోటకు చేరే ప్రభలు దీనికి మరింత దగ్గరి ఉదాహరణ. వెదురుతో, రంగు వస్త్రాలతో కట్టిన ప్రభను జనం భుజాల మీద ఎత్తుకుని వరిచేల మీదుగా, కౌశిక పాయలో దిగి నడిపిస్తారు. మోసేవాళ్లు కనిపిస్తూనే ఉంటారు, చెమటతో, బురదతో. అయినా చూసేవారి దృష్టిలో నడిచివస్తున్నది రుద్రుడే. (ఆ మోతలో వినిపించే 'శరభ' శబ్దం సింహాన్నీ పక్షినీ కలిపిన ఒక అద్భుత మృగానిది. హ్యారీహౌసెన్ దానికి ఎన్ని కీళ్లు పెట్టేవాడో! కోనసీమకు కేక ఒక్కటే చాలింది.)

4. లక్ష్మణ కుమారుడు చూసినది

మాయకు కర్త ఎంత ముఖ్యమో, దాన్ని చూసేవాడు అంతకంటే ముఖ్యం. ఈ విషయం రేలంగి వెంకట్రామయ్య (1910-1975) నటనలో తెలుస్తుంది. కొత్తపేట ప్రాంతంలో రావులపాలెం దగ్గరి రావులపాడులో పుట్టిన రేలంగికి హరికథ, సంగీతం తండ్రి ఇచ్చిన ఆస్తి. కాకినాడ యంగ్‌మెన్స్ హ్యాపీ క్లబ్ ఆయనకు రంగస్థలాన్ని చూపింది. రంగారావు కూడా ఆ క్లబ్బు నటుడే. మాయ చేసేవాడూ, మాయకు చిక్కేవాడూ ఒకే నాటక వాతావరణం నుంచి వచ్చారన్నది చిన్న విషయంగా కనిపించవచ్చు. కాని ఆ శిక్షణ ఏమిటో గుర్తుంచుకోవాలి. హరికథకుడు ఒంటరిగా నిలబడి, ఎదుట లేనివాణ్ణి చూస్తాడు, భయపడతాడు, అతడితో మాట్లాడతాడు. చూపు నిలిపి లేనిదాన్ని ఉన్నట్టు చూపించడమే ఆ కళలో సగం.

పెళ్లిపీటల మీద మాయాశశిరేఖ లక్ష్మణ కుమారుడి కాలు తొక్కుతుంది. అతడికి మాత్రమే వికృత రూపాలు చూపిస్తుంది. మిగతావారు చూసేసరికి మళ్లీ ముద్దుగా తలవంచుకున్న పెళ్లికూతురు. సాంకేతికంగా ఇది మెలియస్ నాటి పద్ధతి. కెమెరా ఆపడం, మార్చడం, కత్తిరించి అతకడం. ఆ అతుకులన్నిటినీ కలిపి కుట్టే దారం రేలంగి ముఖం. భయపడ్డవాడి మాట ఎవరూ నమ్మకపోతే, ఆ భయం చూసేవాళ్లకు నవ్వు అవుతుంది. రేలంగి ఆ భయాన్ని నిజంగానే పడతాడు, అందుకే నవ్వు నిలిచింది. వెకిలిగా అభినయించి ఉంటే దృశ్యం అక్కడే చచ్చిపోయేది.

స్టాప్ మోషన్ చిత్రాల్లోనూ నటుడికి ఇదే పరీక్ష. 'ది సెవెంత్ వాయేజ్ ఆఫ్ సింద్‌బాద్' (1958)లో కెర్విన్ మాథ్యూస్ అస్థిపంజరంతో కత్తి తిప్పిన రోజు అతడి ఎదుట ఏమీ లేదు. గాలిని పొడిచి, సరిగ్గా అంగుళం దగ్గర ఆగి, చూపు నిలపాలి. అస్థిపంజరం నెలల తరువాత వచ్చి అతడి కత్తికి కత్తి అందించింది. విదేశీ విమర్శ బొమ్మను నడిపినవాణ్ణి కీర్తించింది, అది న్యాయమే. శూన్యంతో యుద్ధం చేసినవాడికి దక్కవలసినది పూర్తిగా దక్కలేదు. మన విమర్శ కూడా రేలంగిని 'హాస్యనటుడు' అనే గదిలో కూర్చోబెట్టి తలుపు వేసింది. 1970లో పద్మశ్రీ వచ్చిందని రాయడం తేలిక. మాయాదృశ్యానికి ఆయన ముఖం ఎంత ఆధారమో రాయడమే మిగిలిపోయింది.

ఈ సన్నివేశంలో ఇంకా గొప్ప సంగతి ఒకటుంది. దానికి కెమెరా మాయ ఏమీ అక్కర్లేకపోయింది. మాయాశశిరేఖ లోపల ఉన్నది ఘటోత్కచుడు. సావిత్రి అది మరచిపోదు. భుజాలు విరుచుకోవడం, అడుగు బరువుగా వేయడం, ఉన్నట్టుండి రాక్షస గాంభీర్యం పైకి వచ్చి మళ్లీ సిగ్గులో అణిగిపోవడం, ఇవన్నీ ఆమె శరీరంలోనే జరుగుతాయి. ఒక దేహంలో మరో ప్రాణి ఉన్నదని చూపించడమే స్టాప్ మోషన్ సాధించినది. సావిత్రి దాన్ని భుజంతో సాధించింది.

5. మొసలిలో ఎవరున్నారు?

ఇంతవరకు చెప్పినది తెలుగు పద్ధతికి అనుకూలమైన వాదం. దానికి ఒక నష్టం పక్షం ఉంది.

'పాతాళభైరవి' (1951)లో తోటరాముడు కోనేట్లో మొసలిని చంపుతాడు. వెంటనే అందులోంచి శాపవిముక్తి పొందిన స్త్రీ బయటికి వచ్చి నేపాళ మాంత్రికుడి కుట్ర చెప్పేస్తుంది. మొసలి మొసలిగా ఒక్క నిమిషం కూడా మిగలలేదు. తెలుగు జానపద చిత్రంలో మృగం దాదాపు ఎప్పుడూ మరొకరి వేషమే. చిలుకలో ప్రాణం, పాములో రాజకుమారి, రాయిలో ముని. మనిషికి ఏమీ కాని, మన భాష రాని, మన శాపవరాలతో పనిలేని జీవి ఒకటి ఈ లోకంలో ఉండవచ్చునన్న ఊహకు అక్కడ చోటు దొరకలేదు. కాంగ్ చావు దగ్గర కలిగే కరుణ తెలుగు ప్రేక్షకుడికి తన తెరపై అందలేదంటే కారణం ఇదే. అన్నీ మనవే అయిన లోకంలో పరాయిదాని బాధ వినిపించదు.

రాక్షసత్వాన్ని నటుల శరీరాలకే అంటగట్టడం వల్ల మరో పరిణామం వచ్చింది. 'కీలుగుర్రం' (1949)లో రాత్రిపూట కోటలోని ఏనుగులను, గుర్రాలను తినే రాక్షసి, పగలు అంజలీదేవి రూపంలో ఉన్న రాజుగారి రెండో భార్య. చక్కదనం, ఆకలి, మోసం ఒకే స్త్రీలో కలిశాయి. బి.విఠలాచార్య 'జగన్మోహిని' (1978)లో జయమాలిని పోషించిన దయ్యం పొయ్యిలో కట్టెలకు బదులు తన కాళ్లే పెట్టి వంట చేస్తుంది. పల్లెల్లో పెద్దలు చెప్పే దయ్యం కథల్లోని ఈ ముచ్చట తెరపైకి వచ్చి తరతరాలకు గుర్తుండిపోయింది. చవకగా తీసిన ఆ దృశ్యం ఇప్పటికీ ఒళ్లు జలదరింపజేస్తుంది. అందులో ప్రతిభ లేదనడం అన్యాయం. కాని ఆ భయం ఎక్కడ నిలిచిందో చూడాలి. వంటింట్లో, ఇంటికి వచ్చిన ఆడదాని మీద. ఘటోత్కచుడి దగ్గర భయాన్ని బంధుత్వంలోకి కరిగించిన పద్ధతే ఇక్కడ బంధుత్వంలోకి భయాన్ని ప్రవేశపెట్టింది. కొడుకు వరస రాక్షసుణ్ణి ముద్దు చేసిన సంప్రదాయం భార్య వరస రాక్షసిని అనుమానించింది. విదేశీ చిత్రాల్లో స్త్రీ మృగం చేతిలో అరవడానికే పరిమితమైందన్న విమర్శ ఉంది, అది నిజమే. కాని మృగమే ఆమె కాదు.

విఠలాచార్య చిత్రాల అస్థిపంజరాల గురించి ఒక్క మాట. అవి ఆడతాయి, పాడతాయి, నవ్వుతాయి. హ్యారీహౌసెన్ అస్థిపంజరాలు కళ్లులేని కపాలాలతో ఏ భావమూ లేకుండా ముందుకు వస్తాయి. ఆ భావం లేకపోవడమే భయం. రెంటినీ ఒకే తూకంలో వేసి మనవాటిని నవ్వుకోవడం తప్పు. మనవి భయపెట్టడానికి వచ్చినవి కావు, సందడికి వచ్చినవి. అయితే చిత్రం తరువాత చిత్రంలో అదే సందడి అరిగిపోయి, 1970ల నాటికి మాయకు కర్త ఎవరో, ఎందుకు చేస్తున్నాడో అన్న పట్టింపు పోయిందని కూడా ఒప్పుకోవాలి. చేయి చాపడం మిగిలింది, దాని వెనుక మనసు మిగలలేదు.

6. మాటలేని ప్రాణి

తెలుగు తెరపై స్టాప్ మోషన్‌కు నిజమైన వారసత్వం ఏదైనా ఉంటే అది కంప్యూటర్ కాలంలో, రాజమౌళి 'ఈగ' (2012)లో కనిపిస్తుంది. ఇక్కడ కూడా ఈగ ఒట్టి ఈగ కాదు. హత్యకు గురైన ప్రియుడి పునర్జన్మ. మొసలిలో స్త్రీ ఉన్నట్టే ఈగలో నాని ఉన్నాడు. పాత కట్టుబాటు చెక్కుచెదరలేదు. కాని ఒక తేడా వచ్చింది. మొసలి చచ్చి మనిషైంది, మాట్లాడింది. ఈగ సినిమా చివరిదాకా ఈగగానే ఉంది, నోరు విప్పలేదు. ముఖకవళికలు లేని ఆ ప్రాణి తన పగను, ప్రేమను, అలసటను మెడ తిప్పడంతో, కాళ్లు రుద్దుకోవడంతో, ఎగురుతూ ఆగిపోవడంతో చెప్పింది. ఓబ్రియన్ కాంగ్ భుజాలతో చెప్పించినది ఇలాంటిదే. చంపుతానన్న మాటను కూడా అది కారు అద్దం మీద రాసి చెప్పవలసి వచ్చింది.

ఆ ఈగకు ఎదురుగా నటించిన సుదీప్ ముందు చిత్రీకరణ నాడు ఏమీ లేదు. చెవి దగ్గర రొద, ముక్కు మీద గిలిగింత, నిద్రపట్టని కళ్లు, ఎవరికీ చెప్పుకోలేని భయం, చుట్టూ ఉన్నవాళ్లు పిచ్చివాణ్ణి చూసినట్టు చూడటం. పెళ్లిపీటల మీద కాలు తొక్కించుకుని, పక్కకు తిరిగి చూసి, మళ్లీ సభవైపు చూసిన లక్ష్మణ కుమారుడి చూపు అది. రావులపాడు నటుడు పౌరాణికంలో నవ్వుకోసం నిలిపిన ఆ చూపు, అరవై ఏళ్లకు కాస్త ముందే, ఒక ప్రతినాయకుడి ముఖంలో ఊపిరాడని భయమై తిరిగి వచ్చింది.